ల్యాప్‌టాప్ అక్క

పోయిన నెల కాలేజీ స్టాఫ్ రూములో నా ల్యాప్‌టాప్ మూత తెరుస్తుంటే ఎడమవైపు హింజ్ ఫట్‌మని విరిగింది. స్టాఫ్ రూమ్ సంగతి తెలిసిందే కదా, ఒకరి వస్తువు పాడైతే పదిమంది డాక్టర్లు తయారవుతారు. ఎకనామిక్స్ ఆయన, "ఆరేళ్లు వాడారు, ఇంకేం కావాలి మేడం, కొత్తది తీసుకోండి" అన్నారు. కెమిస్ట్రీ ఆవిడ ఎప్పుడు ఎక్కడ తగ్గింపు ధరలు పెడతారో నోటికి అప్పజెప్పింది. అందరికీ తలూపి, సాయంత్రం మెట్రో ఎక్కి తార్నాకలో దిగాను. దీన్ని బాగుచేయించాలో, వదిలేసి కొత్తది కొనాలో చెప్పగల మనిషి నాకు ఈ నగరంలో ఒక్కతే తెలుసు.

సందు మలుపు తిరిగేసరికి షట్టర్ దించి ఉంది. దాని ముందు ఎవరో రెండు బైకులు అడ్డంగా పెట్టి పోయారు. పక్కనున్న జిరాక్స్ షాపతను నన్ను గుర్తుపట్టలేదు కానీ నా భుజానున్న బ్యాగును చూసి విషయం గ్రహించాడు.

"అక్క కోసమా మేడం? అక్క పోయింది. ఎండకాలంల. ఛాతిల నొస్తున్నదని దవాఖానకు తీస్కపోయిండ్రు, మల్ల రాలే."

 ఆమె పేరేమిటని అడిగాను. అతను కొంచెం ఆలోచించి, "అక్కనే మేడం. అందరం అక్కనే అంటుంటిమి" అన్నాడు. నా ఫోన్‌లో కూడా ఆమె నంబరు 'ల్యాప్‌టాప్ అక్క' అనే ఉంది. ఇన్నేళ్లలో పేరు అడగాలని నాకు ఒక్కసారీ తట్టలేదు. సిగ్గుపడాల్సిన విషయమే, సిగ్గుపడ్డాను.

దుకాణం అంటున్నాను గానీ అది మూడంతస్తుల ఇంటి మెట్ల కింద మిగిలిన జాగా. ముందువైపు నిటారుగా నిలబడొచ్చు, వెనక్కి పోయేకొద్దీ తల వంచుకోవాలి. బోర్డు లేదు. పాత కీబోర్డు ఒకదాన్ని తాడు కట్టి షట్టర్‌కు వేలాడదీసింది, అదే బోర్డు. లోపల ఒక బల్ల, బల్ల మీద దీపం, భూతద్దం, సోల్డరింగ్ కడ్డీ, దాని కొస తుడుచుకోవడానికి తడి స్పంజి ముక్క, పక్కన స్టీలు పోపుల డబ్బా. మన వంటింట్లో ఆవాలు, మెంతులు ఉండే గిన్నెల్లో ఆమె మరలు పోసేది. మూత మరలు ఒకదాంట్లో, అడుగువి ఒకదాంట్లో, ఫ్యానువి ఇంకోదాంట్లో. ఆ డబ్బా మీద చెయ్యి వేస్తే ఎంత పెద్ద ప్రొఫెసరునైనా కసిరేది.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. నేత చీర మీద మగవాళ్ల పాత చొక్కా వేసుకుని చేతులు మోచేతి దాకా మడిచేది. కళ్లజోడుకు దారం కట్టి ఉండేది. ఎడమచేతి వేళ్ల కొసల మీద నువ్వుగింజంత కాలిన మచ్చలు. మౌలాలి దిక్కున టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు సోల్డరింగ్ లైన్ మీద కూర్చుందట. ఆ లైన్ ఎత్తేశాక ఈ మెట్ల కిందికి వచ్చింది. ఆమె జీవితం గురించి నాకు తెలిసిన చరిత్ర ఇంతే. ఆమె పని గురించి అడగండి, రాత్రంతా చెప్తాను.

మిషన్ చేతికిస్తే ముందు ఆన్ చేసేది కాదు. తిరగేసి, వేడిగాలి బయటికొచ్చే కంతల దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. "మాడింది" అనేది ఒకదాన్ని. "దుమ్ము గంతే" అనేది మరొకదాన్ని. ఒక ఇంజనీరింగ్ కుర్రాడు తన ల్యాప్‌టాప్ మీద నీళ్లు పడ్డాయని ప్రమాణాలు చేస్తుంటే, వాసన చూసి, "నీళ్లకు ఇలాచి వాసనెందుకొస్తది తమ్మీ?" అంది. ఆ పిల్లవాడి మొహం నేనిప్పటికీ మర్చిపోలేను. చివరికి అది చాయ్ అనీ, పడింది తన చేతిలోంచేననీ ఒప్పుకున్నాడు.

ఆమె దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. మిషన్ ఇచ్చేసి పని చూసుకుని వస్తామంటే పుచ్చుకునేది కాదు. యజమాని ఎదురుగా కూర్చోవాల్సిందే. "నీది గదా. దాని కడుపుల ఏమున్నదో నీకు ఎర్కుండాలె. కూసో" అనేది. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుని ఇంకో షాపు చూసుకునేవాళ్లు. పోతే పోనీ అన్నట్టు ఉండేది గానీ ఆ పద్ధతి మాత్రం మార్చుకోలేదు. కూర్చున్నవాళ్లకు మరలన్నీ విప్పి, లోపల ఏది ఏమిటో చూపించి, అప్పుడు అడిగేది, "దీంట్ల ఏం జేస్తవ్?"

ఈ ప్రశ్నకు జనం గొప్పలకు పోయేవాళ్లు. కోడింగ్ అనీ, డిజైనింగ్ అనీ. ఆమె వింటూ వింటూ కీబోర్డు మీదికి వంగి ఏ బటన్లు అరిగాయో చూసేది. ఒక పెద్దమనిషి తను డేటా పని చేస్తానని చెప్తే, "గీ స్పేస్ బటన్ ఒక్కటే అరిగింది సారూ. నువ్వు సిన్మా ఆపుతున్నవ్, నడిపిస్తున్నవ్. గంతకు కొత్తదెందుకు, ఫ్యాన్ తుడిస్తే ఇంకో మూడేండ్లు నడుస్తది" అని పంపేసింది. హబ్సిగూడ నుంచి ఒక రిటైర్డ్ సైంటిస్టు వచ్చేవారు. ఆయన మిషన్ ఎంత పాతదంటే దాన్ని చూసి కుర్రాళ్లు ఫొటోలు తీసుకున్నారు. కొత్తది కొనమని పిల్లలు పోరుతున్నారట. "ఏం జేస్తవ్ సారూ?" అంటే, చనిపోయిన భార్య ఫొటోలు చూసుకుంటానని మెల్లగా చెప్పారు. ఆమె ఇంకేం అడగలేదు. ఆ మిషన్‌ను మూడుసార్లు బతికించింది.

అలాగని ఏదైనా పట్టుకుని వేలాడే రకం కాదు. ఒకసారి నల్గొండ వైపు నుంచి ఒక రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎవరో ఇచ్చిన పాత ల్యాప్‌టాప్, ఎట్లాగైనా నడిపించమని అడిగాడు. పిల్లకు హాస్టల్లో సీటొచ్చింది, కంప్యూటర్ కోర్సు. ఆమె విప్పి చూసి మళ్లీ బిగించేసింది. "ఇది నడుస్తది పటేలా, నడిపిస్త. కానీ పరీక్ష రోజు ఆగుతది. సదువుకునే పిల్లకు ఆగిపోయేది ఇయ్యకు. ఇంకో నెల ఆగి కొత్తదే కొను." ఆయన రెండు మూడుసార్లు బతిమిలాడాడు. ఆమె మిషన్ ముట్టుకోనే లేదు. వద్దని ఒకసారి అందంటే ఇక అంతే. ఈ మొండితనం వల్ల ఆమె ఎంత గిరాకీ పోగొట్టుకుందో! నాకు ఆమె మీద గౌరవం కలిగింది కూడా అక్కడే.

ఇక నా సంగతి. నేను అనంతపురం నుంచి వచ్చి క్యాంపస్ హాస్టల్లో ఉంటూ తెలుగు శాఖలో పరిశోధన చేసేదాన్ని. నా ల్యాప్‌టాప్ మా శాఖలో సీనియర్ ఒకామె ఉద్యోగం వచ్చి వెళ్తూ ఇచ్చింది. మొదటిసారి తార్నాకకు తీసుకెళ్లినప్పుడు మూత నిలబడక వెనకాల నిఘంటువు ఆనించి వాడుతున్నాను. విప్పగానే లోపల్నుంచి ఎర్రటి పొడి రాలింది.

"ఇదేంది బిడ్డా?"

"పప్పుల పొడి అక్కా. ఊరి నుంచి అమ్మ పంపిస్తాది."

"అన్నం గీని మీదనే తింటవా?"

"రాసేది ఆపకుండా తినల్ల కదక్కా."

పడీ పడీ నవ్వింది. ఫ్యాన్‌లోంచి నా తలవెంట్రుకలు పట్టకారుతో ఒక్కొక్కటే లాగుతూ, "సగం జుట్టు గీడనే ఉన్నది, ఇంక జడేం ఏసుకుంటవ్" అంది. తర్వాత కీబోర్డు మీదికి వంగి చాలాసేపు చూసింది. "నీ బటన్లు ఎవ్వరి లెక్క లేవు. గీ మూలకున్నయి ఎవ్వరియి అరగవు, నీయే అరిగినయి." తెలుగు టైపు చేస్తానని చెప్పాను. ఆహా అని ఊరుకుంది. హింజ్ వేసి, చాయ్ తెప్పించి, రెండేళ్లు భయం లేదని పంపించింది. నిజంగానే రెండేళ్లు నడిచింది.

రెండేళ్ల తర్వాత అది వేడెక్కి పదేపదే ఆగిపోవడం మొదలుపెట్టింది. అప్పటికి నా సిద్ధాంత గ్రంథం రాయడం పూర్తయింది. గైడు చదివి ఎర్రసిరాతో దిద్దిన కాపీ చేతికొచ్చింది. ఆ దిద్దుబాట్లు చేసి నెలాఖరులోగా సమర్పించాలి. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించుకున్నాను, మూడోసారి కుదరదని ఆఫీసులో తేల్చి చెప్పారు. ఆ తేదీ దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరు. ఆమె నా ల్యాప్‌టాప్ లోపలి బోర్డును భూతద్దం కింద పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది.

"దొంగ టాకా. టంకం పైకి అతుక్కున్నట్లే కొడ్తది, లోపట పట్టు లేదు. ఒక్కటైతే ఏస్త, ఇవి ఎన్ని ఉన్నయో ఎవలకెర్క. నీకు గడువున్నది. దీన్ని నమ్ముకోకు. కొత్తది కొను."

మా అన్న కొత్తది కొని పంపించాడు. పాతదాన్ని, విడిభాగాలు ఎవరికైనా పనికొస్తాయంది కాబట్టి, ఆమెకే ఇచ్చేశాను. అందులోంచి హార్డ్ డిస్క్ తీసి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఎవరి డిస్క్ ఆమె ఉంచుకునేది కాదు. "గిది నీ బతుకు, నీ తాననే ఉండాలె" అంది. నేను నిశ్చింతగా హాస్టల్‌కు వచ్చేశాను.

తెలుగువాళ్లం మాత్రమే చేయగలిగిన తెలివితక్కువ పని నేను చేశానని నాలుగు రోజులకు తెలిసింది. నా గ్రంథమంతా పాత డీటీపీ ఫాంటులో టైపు చేశాను. ఆ రోజుల్లో మా శాఖలో అందరం అంతే, సీనియర్లు ఏది వాడితే అది. కొత్త మిషన్‌లో ఫైలు తెరిస్తే నాలుగొందల పేజీల నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, పిచ్చి పిచ్చి గీతలు. ఫాంటు ఒక్కటీ తెచ్చి వేస్తే చదవడానికి వచ్చింది కానీ దిద్దడానికి రాలేదు. టైపు చేసే సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో ఎక్కదు. పాత మిషన్ బోర్డును చూస్తేనే తెరుచుకునేలా దానికి తాళం ఉంది. ఆ సీడీ ఎక్కడుందో సీనియర్‌కే తెలియదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేశాను. అక్షరాలు ఒక దారిన, ఒత్తులు ఒక దారిన పోయాయి. గడువుకు ఇంకా మూడు వారాలు. మళ్లీ మొదటినుంచి టైపు చేయడం అయ్యే పని కాదు.

ఆ హార్డ్ డిస్క్ పట్టుకుని ఏడుస్తూ తార్నాకకు పరిగెత్తాను. ఆమె అంతా విని, తిట్టలేదు. నేను తిడుతుందనుకున్నాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది. నీ బటన్లు జూసిన్నాడే అనుమానం రావాలె నాకు. ఏం జేస్తవ్ అని అడిగిన, ఏ అక్షరాలల్ల జేస్తవ్ అని అడగలే."

"మీ తప్పేముందక్కా, నేను చెప్పల్ల కదా."

"నువ్వు జెప్పవు. నీకెట్ల ఎర్కుంటది? అడగాల్సింది నేను. సరే, ఇప్పుడు ఏడ్వకు, పని గాదు."

అప్పటికి నా పాత మిషన్ ముక్కలై పోయింది. తెర ఒకరికి, మెమరీ చిప్పు ఒకరికి, చార్జింగ్ పిన్ను ఇంకొకరికి వెళ్లిపోయాయి. ఏది ఎవరికి వేసిందో ఆమెకు గుర్తుంది. పుస్తకం లేదు, రాత లేదు, అన్నీ తలలోనే. మధ్యాహ్నమే షట్టర్ దించి అడిక్‌మెట్‌లోని ఒక బ్యాచిలర్ల రూముకు నన్ను నడిపించుకుంటూ తీసుకెళ్లింది. చిప్పు వేసుకున్న అబ్బాయికి అంతకన్న మంచిది ఒకటి ఇచ్చి, నాది విప్పి పట్టుకుంది. ఆ అబ్బాయి అయోమయంగా చూస్తుంటే, "నీకు లాభమే తమ్మీ, సప్పుడు జేయకు" అంది. తెర మాత్రం వెనక్కి అడగలేదు. వేసుకున్న పిల్ల పరీక్షలు రాస్తోందట. దాని బదులు అటక మీదినుంచి ఒక పాత మానిటర్ దించింది, చార్జింగ్ పిన్నుకు ఇంకో పాత మిషన్‌లోది సరిపెట్టింది.

ఆ తర్వాత రెండు రోజులు బోర్డు మీద కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. కడ్డీ కొస నుంచి సన్నగా పొగ లేస్తుంటే ఊపిరి బిగబట్టి, ఒక్కో చుక్కా పెట్టి, నోటితో ఉఫ్ అని ఊదేది.  మా శాఖలో మహా పండితులున్నారు, వాళ్లంటే నాకు భక్తి. కానీ ఒక మనిషి తన పనిలో అంతగా మునిగిపోవడం నేను మొదట చూసింది ఆ మెట్ల కిందనే. మూడోరోజు పొద్దున తెర మీద నా తెలుగు అక్షరాలు వచ్చాయి. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. చేతులు వెనక్కి లాక్కుని, "సంబురం తర్వాత. దీన్ని ఈడికెల్లి కదిలిస్తే పోతది. గీడనే కూసొని రాస్కో" అంది.

అలా ఇంచుమించు పదహారు రోజులు కూర్చుని, తార్నాకలో ఆ మెట్ల కింద నేను నా పీహెచ్‌డీ పూర్తి చేశాను. దిగంబరంగా బల్ల మీద పరిచిన బోర్డు, దాని మీదికి తిప్పిన టేబుల్ ఫ్యాను, పక్కన పాత మానిటర్. ఆ ప్లగ్గు దగ్గరికి ఎవరొచ్చినా ఆమె గయ్యిమనేది. గిరాకీలు వస్తే వాళ్లను బయట మెట్ల మీద కూర్చోబెట్టి పని చేసేది. వర్షం పడిన రోజు తన చొక్కా విప్పి బోర్డుకు జల్లు తగలకుండా అడ్డం కట్టింది. కరెంటు పోయినప్పుడల్లా ఇద్దరం దేవుళ్లను తలుచుకునేవాళ్లం, ఆమె తన ఊరి దేవతను, నేను నా ఊరి దేవుణ్ని.

మధ్యాహ్నం ఒంటిగంటకు మాణికేశ్వర్ నగర్ నుంచి ఆమె దోస్తు టిఫిన్ తీసుకుని వచ్చేది. ఫ్యాక్టరీ లైన్ మీద ఇరవై ఏళ్లు పక్కపక్కన కూర్చున్నారట. ఆ దోస్తు ఇప్పుడు ఇళ్లలో పని చేస్తుంది. ఇద్దరూ అన్నం తింటూ ఏదో ఒక బోర్డును మధ్యలో పెట్టుకుని మాట్లాడుకునేవాళ్లు. సగం మాటలు నాకు అర్థమయ్యేవి కావు. ఇది ముక్కుపుడక పెట్టాల్సింది కాదు బొట్టు పెట్టాల్సింది అని ఒకరు, కాదు ఇది అలిగింది అని ఇంకొకరు, పకపకా నవ్వులు. ఒకరోజు నేను తొమ్మిదో అధ్యాయంలో తలమునకలుగా ఉన్నాను. విసుగొచ్చింది.

"అక్కా, కొంచెం మెల్లగా మాట్లాడుకోండి. నాకు రాసేది సాగడం లేదు."

ఇద్దరూ టక్కున ఆపేశారు. ఆ తర్వాత గడువు అయ్యేదాకా వాళ్లు బయట మెట్ల మీద కూర్చుని తిన్నారు. నాకు చాలా హాయిగా అనిపించింది. ఇంతకూ నా పరిశోధన దేని మీదో చెప్పలేదు కదూ. వృత్తి పదాలు. కుమ్మరి, చేనేత, వడ్రంగం పనుల్లో కష్టజీవుల నోట పుట్టిన మాటల సేకరణ, పరిశీలన.

గడువుకు రెండు రోజుల ముందు సమర్పించాను. సమర్పించి వచ్చేసరికి బోర్డు చల్లారి ఉంది. ప్లగ్గు ఆమే పీకేసిందట. "దాన్ని ఇంక సతాయించొద్దు" అంది. ఆ తర్వాత ఎవరొచ్చినా ఆమె అడిగే ప్రశ్నల్లో ఒకటి పెరిగింది. దీంట్ల ఏం జేస్తవ్, ఏ అక్షరాలల్ల జేస్తవ్? ఇంజనీరింగ్ పిల్లలు తెల్లమొహాలు వేసేవాళ్లు. అయినా అడిగేది. చేసిన తప్పును అంత హుందాగా మోసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మా వైవా రోజు క్యాంపస్‌లో నోటీసు పెడతారు, ఎవరైనా వచ్చి వినొచ్చు. నేను మాటవరసకు చెప్పాను, ఆమె నిజంగానే వచ్చింది. పట్టుచీర, చొక్కా లేదు. పక్కన దోస్తు. వెనక వరుసలో కూర్చున్నారు. పరీక్షకుడు అడిగినవాటికి నేను బాగానే చెప్పాను, నాకే ముచ్చటేసింది. ఆఖర్న అధ్యక్షుడు, సభలో ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చన్నారు. ఎప్పుడూ ఎవరూ అడగరు. ఆమె లేచింది.

"నేను అడగొచ్చునా సారూ?"

"అడగండమ్మా."

"ఈ పిల్ల నా దుకాణంల కూసొని రాసింది. కుమ్మరోళ్ల మాటలు, సాలోళ్ల మాటలు, వడ్లోళ్ల మాటలు, అన్ని. పెద్దగ చదువుకుంట రాస్తుంటే విన్న, మంచిగున్నది. మేమిద్దరం ఇరవై ఏండ్లు చేతులు కాల్చుకుంట పని జేసినం. మాకు గూడ మాటలున్నయి. అవి ఎందుకు రాయలే?"

కోపంతో అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. హాలులో ఎవరో చిన్నగా నవ్వారు. పరీక్షకుడు నవ్వలేదు, పెన్ను కింద పెట్టి నావైపు చూశారు. నేను, అవి ఆధునిక పరిశ్రమకు చెందినవనీ, నా పరిశోధన పరిధిలోకి రావనీ చెప్పాను. ఆమె తల ఊపింది. "పరిధిల లేము. సరే బిడ్డా" అని కూర్చుంది. నాకు డాక్టరేట్ ఇవ్వాలని సిఫార్సు చేశారు. చప్పట్లు కొట్టిన వాళ్లలో అందరికన్నా గట్టిగా కొట్టింది ఆమే.

బయట చెట్టు కింద ఆమె కాళ్లకు దండం పెట్టి, "తప్పయిందక్కా. వస్తాను. మీ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక్కో మాటా రాసుకుంటాను" అన్నాను.

"రా. మేం యాడికి పోతం, గీడనే ఉంటం" అంది.

నేను వెళ్లలేదు. ఉద్యోగం వచ్చింది, నగరానికి ఆ చివర, మెట్రోలో ముప్పావుగంట. ఒకసారి ఫోన్ చేసి, "వస్తనన్నవ్?" అంది. సెలవుల్లో వస్తానన్నాను. ఎన్ని సెలవులు గడిచాయో! ఈ మధ్యలో చేనేత పదాల మీద ఇంకో రెండు వ్యాసాలు రాశాను, సదస్సుల్లో చదివాను, శాలువాలు కప్పించుకున్నాను. ల్యాప్‌టాప్ విరిగితే తప్ప నాకు తార్నాక గుర్తుకు రాలేదు. ఇది చెప్పుకోవడానికి నోరు రావడం లేదు, అయినా చెప్పాలి.

జిరాక్స్ షాపతను దారి చెప్తే ఆ ఆదివారం నోటుబుక్కు తీసుకుని మాణికేశ్వర్ నగర్ వెళ్లాను. దోస్తు ఇంటిముందు బట్టలు ఆరేస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"టైపు పిల్లవు గదా. మమ్ముల సప్పుడు జేయొద్దన్నవ్."

తల దించుకున్నాను. ఆమె అంత పట్టించుకోలేదు, కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. వచ్చిన పని చెప్పాను. చాలా సంతోషపడింది. గడప మీద కూర్చుని, చెంగుతో చేతులు తుడుచుకుని, మొదలుపెట్టింది. ఒక మాట చెప్పింది, దాని అర్థం చెప్పింది. రెండోది చెప్పింది. మూడోది సగం చెప్పి ఆగింది. పెదవులు కదిపింది, కుడిచేతి వేళ్లు గాలిలో ఏదో పట్టుకున్నట్టు కదిలించింది. పక్కకు తిరిగి చూసింది, గడప మీద పక్కన ఖాళీగా ఉన్న చోటుకు. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాను.

"వస్తలేవమ్మా" అంది చివరికి. "అదొక మాటంటే నేనొక మాటంటుంటి. అది అనకుంటే నాకు యాడికెల్లి వస్తది?"